డబ్బా మైసమ్మకు ఒడిబియ్యం

ఆ రోజుల్లో శంషాబాద్‌లో తల మీదుగా విమానం పోతుంటే మాట మధ్యలో ఆపి, అది పోయాక ఆపిన చోటే అందుకోవడం అందరికీ అలవాటైపోయింది. కొత్తవాళ్లు మాత్రం పాపం, మొత్తం మాటను మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు. ఊరివాడెవడో బయటివాడెవడో ఆ ఒక్క గుర్తుతో తేలిపోయేది. నేనప్పటికి బయటివాణ్ణే. సివిల్ ఇంజనీరింగ్ అప్పుడే పూర్తిచేసి, తల మీద పసుపు రంగు హెల్మెట్, తల లోపల బోలెడంత జ్ఞానం పెట్టుకుని తిరుగుతుండేవాణ్ణి. ఆ రెండింట్లో నన్ను నిజంగా కాపాడింది హెల్మెట్ ఒక్కటేనని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు ఆ ముక్క ఎవరైనా అంటే కొట్లాటకు పోయేవాణ్ణి.

మా మామయ్య (అమ్మ తమ్ముడు) గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి. ఆయన జీవితమంతా ఒక్క మాట మీద నడిచేది: పద్ధతి. కాఫీ కలపడానికీ, గొడుగు మడవడానికీ, ఆఖరికి తుమ్మడానికీ ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. అలాంటాయన రావిర్యాల పోయే దారిలో ఒక పాత ఫంక్షన్ హాల్ తీసుకున్నాడు. దాని వేదిక కూలిపోవడానికి సిద్ధంగా ఉంది, వంటశాల ఆల్రెడీ కూలిపోయింది. మరమ్మతులన్నీ చేయించే బాధ్యత నా మీద పెట్టాడు. "ఇది పద్ధతిగా పూర్తిచేశావంటే హాల్‌కి మేనేజరువి నువ్వే. చెయ్యలేకపోయావనుకో, మీ నాన్న చూసిన కాటేదాన్ బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉండనే ఉంది," అన్నాడు. నాకు బిస్కెట్లంటే ఇష్టమే గానీ, వాటిని అట్టపెట్టెల్లో సర్దించే జీవితం మీద మాత్రం మోజు లేదు. మేనేజరంటే ఇస్త్రీ చొక్కా, జేబులో తాళాల గుత్తి, పెళ్లివారి వినయం. ఆ తాళాల గుత్తి చప్పుడు నాకు కల్లో కూడా వినిపించేది.

హాల్ ఇంకా తెరవకముందే మొదటి బేరం కూడా వచ్చేసింది. రోడ్డుకి అవతల, సరిగ్గా మా గేటుకి ఎదురుగా ఒక అవ్వ ఉండేది. ఆ ఊళ్లో పుట్టి, ఆ ఊళ్లోనే మెట్టి, ఇప్పుడున్న విమానాశ్రయం ఎవరెవరి చేల మీద ఉందో వేలెత్తి చూపించగల మనిషి. ఆమె మనవరాలి పెళ్లి మా హాల్లోనే. "ఎదురుంగ షాదీఖానా పెట్టుకొని యాడికో పోతమా బిడ్డా? గని లగ్గం నాటికి గీ ఇటుకలు, మట్టి నా కండ్ల ముంగట ఉండొద్దు," అని ముందే చెప్పింది. అంటే పెళ్లికి హాల్ తయారవాలి, గేటు ముందు పెళ్లికొడుకు కారు రావడానికి దారి ఉండాలి. అంతే. వినడానికి ఎంత తేలికో చూడండి.

కూల్చిన వేదిక, వంటశాల, పాత బాత్రూముల పెంకులూ పలకలూ (ఇక్కడివాళ్లు ఆ శిథిలాలన్నిటినీ కలిపి మల్బా అంటారు) ఎక్కడికి పంపాలన్నది మొదటి ప్రశ్న. అందరూ చేసేదేమిటంటే, చీకటిపడే వేళ ఒక ట్రాక్టర్ మాట్లాడి, ఏ చెరువు కట్ట పక్కనో, ఏ దూరదేశపు యజమాని ప్లాటులోనో కుమ్మరించి, చేతులు దులుపుకుని రావడం. మామయ్య వినలేదు. "అది పద్ధతి కాదురా. చెరువులో పోస్తే ఆ నీళ్లే రేపు మన బోరులోకొస్తాయి. కిరాయికి ఇనుప తొట్టెలిస్తారు, నింపితే వాళ్లే తీసుకెళ్లి పొయ్యాల్సిన చోట పోసుకుంటారు. ఒకటి తెప్పించు," అన్నాడు. తెప్పించాను.

రెండు ఇనుప చేతులున్న లారీ ఒకటి, ఆ చేతుల్లో గొలుసులతో వేలాడే పచ్చ రంగు డబ్బాతో ఒక పొద్దున వచ్చింది. ఏనుగు ఈత కొట్టేటంత డబ్బా. మా ప్రహరీ పక్కన, అవ్వ గేటుకి ఎదురుగా దించారు. డ్రైవరన్న సొంతూరు కందుకూరు. దించి ఊరుకోక, నన్ను పక్కకి పిలిచి పాఠం చెప్పాడు. "అన్నా, జర ఇను. అడుగున చెక్కలేసిన, జరపకుండ్రి. మల్బా అంచు దాంకనే పొయ్యాలె, మీద గోపురం కట్టొద్దు. తొవ్వల ఒక్క ఇటుక జారి ఎన్క బండోడి నెత్తి మీద పడ్డదనుకో, నువ్వు నేను ఇద్దరం లోపలికే. ట్యూబులైట్లు, బ్యాటరీలు, రంగు డబ్బాలు ఏయొద్దు. తినేటియి అస్సలే ఏయొద్దు, గద్దలొస్తయి, మీదికెళ్లి విమానాలు పోతయి. నింపినంక మీద జాలి కప్పాలె, గదే వల. ఎవ్వరు ఎక్కొద్దు, లోపల పండొద్దు." లోపల ఎవరు పడుకుంటారన్నా అని నవ్వాను. "పంటరన్నా, నీడకు," అన్నాడు నవ్వకుండా. నేను హెల్మెట్ సర్దుకుని, ఇవన్నీ నాకు ముందే తెలుసన్నట్టు తల ఊపాను.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే డబ్బా నిండిపోయింది. మా మల్బా ఒక్క తట్ట కూడా ఇంకా పోయలేదు! లోపల ఒక పరుపు, కాలు విరిగిన మంచం, వెనక భాగం లేని టీవీ, ఎవరిదో పెళ్లిలో వాడిన థర్మకోల్ హంసలు రెండు (వాటిలో ఒకదానికి మెడ లేదు), ఒక బస్తా కొబ్బరి చిప్పలు, ఇంకా చెప్పకూడనివి కొన్ని. మా మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏంది సార్, రాత్రికి రాత్రి కాపురమే పెట్టిండ్రు," అన్నాడు. వీధిలో ఎవరినడిగినా ఎవరికీ తెలియదు. ఒక పెద్దాయన మాత్రం నన్నే ఓదార్చాడు: "ఖాళీగుండె గదా పటేలా, ఊకెనే ఎందుకని ఏసుంటరు." రోజంతా ఆ సామానంతా బయటికి తీయించడంతోనే సరిపోయింది. సాయంత్రం ఎర్ర రంగుతో 'బయటివారు చెత్త వేయరాదు' అని బోర్డు రాయించి కట్టాను. తెల్లారి చూస్తే డబ్బా మళ్లీ సగం నిండింది, అన్నిటికంటే పైన మా బోర్డుంది. టార్పాలిన్ కప్పాను. పొద్దున్నకి చెత్త ఉంది, టార్పాలిన్ లేదు. ఎవరింటి మీదో వానకి అడ్డంగా అది ఇప్పటికీ సుఖంగానే ఉండుంటుంది. మామయ్య ఫోన్ చేసి, "ఎంతవరకొచ్చింది?" అన్నప్పుడు, "పద్ధతిగా నడుస్తోంది మామయ్యా," అన్నాను. అబద్ధమేమీ కాదు, రోజూ ఒకే పద్ధతిలో నడుస్తోంది.

అప్పుడు వచ్చింది ఆ మహత్తరమైన ఆలోచన. మన ఊళ్లల్లో గోడ మీద 'ఇక్కడ మూత్రం పోయరాదు' అని రాస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు; అదే గోడకి పసుపు పూసి మూడు బొట్లు పెడితే ఏమవుతుందో కూడా తెలుసు. నాలుగేళ్ల ఇంజనీరింగులో నాకు ఎవరూ చెప్పని ఈ సూత్రం, బస్టాండు గోడ చూస్తుంటే తట్టింది. ఇంకేం, తెల్లారగట్ల ఎవరూ లేవకముందే వచ్చి, డబ్బాకి రోడ్డు వైపు పసుపు పట్టించి, కుంకుమతో మూడు బొట్లు పెట్టి, అంచుకి వేపకొమ్మ, నిమ్మకాయ కట్టాను. ఏమీ ఎరగనట్టు పోయి చాయ్ తాగి, పది గంటలకి హెల్మెట్‌తో సహా తిరిగొచ్చాను. పరుపులు లేవు, హంసలు లేవు. ఆ రోజు ఒక్క ఉల్లిపొట్టు కూడా పడలేదు. నన్ను నేనే మెచ్చుకుని, మధ్యాహ్నం రెండు బిర్యానీలు తిన్నాను.

ఆనందం అరగకముందే మేస్త్రి వచ్చాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి. "సార్, మల్బా యాడ పొయ్యాలె?" అన్నాడు. డబ్బాలో, అన్నాను. ఆయన రెండు చెవులూ పట్టుకున్నాడు. "అమ్మోరు కూసున్న దాంట్ల మల్బా ఎట్ల పోస్తం సార్? మాకు పిల్లలున్నరు." వెనకాల కూలీలంతా వరసగా నిలబడి, పిల్లలున్నారన్నట్టే తల ఊపారు. సరే, తుడిచేద్దామని గుడ్డ తీసుకుని బయటికి పోయేసరికి, డబ్బా ముందు అవ్వ కూర్చుని దీపం వెలిగిస్తోంది. చేతిలో గుడ్డతో నన్ను చూసి, "తుడ్సనీకె వచ్చినవా బిడ్డా? పుణ్యముంటది, కింద ముగ్గు జాగ మంచిగ తుడువు," అంది. తుడిచాను. ఇంకేం చేస్తాను!

సాయంత్రానికి డబ్బాలోని అమ్మవారికి పేరు కూడా వచ్చేసింది: డబ్బా మైసమ్మ. కట్ట మీద వెలిస్తే కట్ట మైసమ్మ అయినప్పుడు, డబ్బాలో వెలిస్తే డబ్బా మైసమ్మ అవడంలో తప్పేముంది? ఆటోలవాళ్లు అక్కడికొచ్చాక హారన్ ఒకసారి కొట్టి, చేతిని గుండెకి ఆనించుకుని పోసాగారు. విమానాశ్రయంలో డ్యూటీకి పోయే పిల్లలు బ్యాడ్జీలు మెడలో వేసుకుని వచ్చి దండం పెట్టుకునేవారు. కొబ్బరికాయలు, పెరుగన్నం, బెల్లం అన్నం రాసాగాయి. మా మల్బా మాత్రం ఎక్కడికీ పోలేక, గేటు లోపల చిన్న గుట్టగా మొదలై, గేటు బయట పెద్ద గుట్టగా తేలింది. పెళ్లికొడుకు కారు కాదు గదా, పెళ్లికొడుకు ఒక్కడూ పక్కకి తిరిగి వచ్చినా పట్టే దారి లేదు. పెళ్లి చూస్తే ఆ ఆదివారమే.

మామయ్య స్వయంగా వచ్చాడు. కారు దిగి, గుట్టను చూశాడు, డబ్బాను చూశాడు, నన్ను చూశాడు. నోరు తెరిచేసరికి విమానం వచ్చింది. అది పోయేదాకా నన్నే చూస్తూ నిలబడ్డాడు (అంత పొడుగు విమానం నేనెప్పుడూ చూడలేదు). పోయాక, "ఏవిట్రా ఇది? చెత్తడబ్బాకి దీపారాధన ఏవిటి? పద్ధతేనా?" అన్నాడు. ఆ మాట అంటుండగానే ఆయన కాళ్లు బూట్లలోంచి వాటంతటవే బయటికొచ్చేశాయి. నేను చూశానని తెలిసి, "ఎండకి కాళ్లు మండుతున్నాయి," అని గొణిగాడు. మరి మీరే తీయించండి మామయ్యా అన్నాను ధైర్యం చేసి. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మనం బయట్నించి వచ్చినవాళ్లం, ఊరమ్మవారి జోలికి పోకూడదు. పెళ్లిలోగా దారి మాత్రం ఉండాలి. లేకపోతే బిస్కెట్లవాళ్లకి సోమవారమే ఫోన్ చేస్తా," అని బూట్లు చేత్తో పట్టుకుని కారెక్కాడు.

దీనికి తోడు గద్దలు. పెరుగన్నం వాసనకి కాకులు, కాకుల వెనక గద్దలు వచ్చి డబ్బా మీద రంగులరాట్నంలా తిరగసాగాయి. వాటి పైన విమానాలు. ఈ చుట్టుపక్కల పక్షుల సంగతి చూసే ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చాడు. వస్తూనే మండిపడాలని గొంతు సవరించుకున్నాడు గానీ, దీపం చూసి ముందు టోపీ తీశాడు, తరవాత షూ తీశాడు, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు, అవ్వ ఇచ్చిన కొబ్బరిముక్క నోట్లో వేసుకున్నాడు, అది నమిలి మింగాక నా మీద మండిపడ్డాడు. "పక్షి వచ్చి ఇంజన్ల పడితే ఏమైతదో ఎరుకనా? రెండు దినాలల్ల ఈ డబ్బా ఇక్కడికెళ్లి పోవాలె!" పోతూ పోతూ ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు.

డ్రైవరన్నకి ఫోన్ చేస్తే లారీతో వచ్చాడు. గొలుసు చేతిలోకి తీసుకుని, బొట్లు చూసి, మళ్లీ లారీలో పెట్టేశాడు. "నాతోని గాదన్నా. బొట్టు మీదికెళ్లి గొలుసెయ్యాల్నా? నేను రాత్రంత ఘాట్ రోడ్ల నడిపేటోణ్ణి," అని అక్కడే లారీ నీడలో కూర్చున్నాడు. ఒకపక్క మల్బా, ఒకపక్క అమ్మవారు, పైన గద్దలు, ఆ పైన విమానాలు, మధ్యలో నేను. హెల్మెట్ తీసి చూసుకుంటే చెమటతో తడిసిపోయి ఉంది. అందులో కాసిని కన్నీళ్లు కూడా ఉన్నాయని ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. నాకు భయం వేసింది. ఉద్యోగం మాట అటుంచి, ఆ అవ్వ మనవరాలి పెళ్లి నా తెలివి మూలంగా రోడ్డు మీద ఆగిపోతుందేమోనని నిజంగానే భయం వేసింది.

నిజం చెప్పేద్దామని అవ్వ ఇంటికి పోయాను. ఆమె అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. "అవ్వా, ఆ డబ్బాకి బొట్టు పెట్టింది..." అన్నానో లేదో విమానం వచ్చింది. బయటివాణ్ణి గదా, అది పోయాక మళ్లీ మొదటి నుంచి "అవ్వా" అని ఎత్తుకునేలోపు ఆమే అందుకుంది. "నీ పరేషాన్ నాకు ఎరుకే బిడ్డా. అమ్మను పంపాలె, గంతేనా? గందుకు ఏడ్సుడెందుకు? మా ఇండ్లల్ల ఆడబిడ్డ అత్తగారింటికి పోతుంటే ఉత్తగ పంపుతమా? ఒడి నింపి పంపుతం. అమ్మకు సుత ఒడి నింపుండ్రి, ఎవ్వరేమంటరు?" నాకు అర్థం కాలేదు. (తెలియనివాళ్ల కోసం: ఇక్కడ పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను తిరిగి పంపేటప్పుడు, కొత్త చీర పెట్టి, ఒళ్లో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. అమ్మవార్లకీ అలాగే పోస్తారు. దాన్ని ఒడిబియ్యం అంటారు.) "అంటే మల్బా పొయ్యొచ్చా అవ్వా?" అన్నాను నమ్మలేక. "ముందుగాల బియ్యం. బియ్యం పడ్డంక అది ఒడి. ఒడిల ఎవలకు కలిగింది వాళ్లు పోస్తరు. నీకు మల్బానే కలిగె," అంది.

మర్నాడు పొద్దున వీధిలోని ఆడవాళ్లంతా కొత్త చీరలు కట్టుకుని వచ్చారు. డప్పు కూడా వచ్చింది. అవ్వ మొదట ఐదు దోసిళ్ల బియ్యం, అదీ ఒక గుడ్డలో మూట కట్టించి ("ఇడిగ పోస్తే గద్దలొస్తయి, ఆ సారు మళ్లొస్తడు") డబ్బాలో పెట్టింది. తరవాత మేస్త్రి కళ్లు మూసుకుని, "తల్లీ, తప్పు కాయాలె," అంటూ ఒక తట్ట మల్బా పోశాడు. ఏమీ కాలేదు. ఇంకో తట్ట. డప్పు జోరందుకుంది. కూలీలు పరుగులు పెట్టి మరీ పోశారు. అంతవరకూ నా మాట విననివాళ్లు ఆ రోజు పద్ధతిలో ఒక్క పొల్లు తప్పలేదు. ఎవరో ఉత్సాహం పట్టలేక అంచు దాటి గోపురం కట్టబోతే, అవ్వ కేకేసింది: "ఒడి నిండాలె గని కారొద్దు! ఒడిబియ్యం తొవ్వల పడ్తె అరిష్టం!" వెంటనే చదును చేశారు. ఒకడు పాత రంగు డబ్బా పడేయబోతే, "అమ్మ ఒళ్ల విషం పోస్తవారా?" అంది. వాడు దాన్ని దాచుకోవడానికి చోటు లేక ఇంటికే తీసుకుపోయాడు. నేను భయపడుతూ, మీద జాలి కప్పాలి గదా అవ్వా అన్నాను. "కొంగు కప్పకుంట ఆడిదాన్ని బయటికి పంపుతరా?" అని నన్నే తిట్టి, పచ్చ జాలి కప్పించి, దాని మీద ఎర్ర చీర చుట్టించింది. నా బోర్డూ తన పాఠమూ చేయించలేని పనంతా ఆ ముసలామె ఒక పూటలో చేయించడం డ్రైవరన్న నోరు తెరుచుకుని చూశాడు. తరవాత లేచి, లారీకి నిమ్మకాయ కట్టి, గొలుసుల్ని కళ్లకద్దుకుని, బొట్లని తాకకుండా డబ్బాని ఎంత మెల్లగా ఎత్తాడంటే, పెళ్లికూతుర్ని కూడా అంత మెల్లగా ఎవరూ పల్లకీ ఎక్కించి ఉండరు. వీధి మలుపు దాకా డప్పుతో సాగనంపారు. కొందరాడవాళ్లు ఏడ్చారు. అంత మల్బా పోతుంటే నేను కూడా హెల్మెట్ తీసి దండం పెట్టాను.

ఆదివారం పెళ్లికొడుకు కారు గేటు లోపలికి నేరుగా వచ్చింది. మామయ్య వచ్చినవాళ్లందరితో, "శిథిలాల్ని ఇలా పద్ధతిగా పంపించాలని మొదట్నుంచీ నా ఆలోచన," అని చెప్పుకుంటూ తిరిగాడు. తాళాల గుత్తి నా జేబులోకి వచ్చింది (మూడో నెలకే ఆ చప్పుడు వింటే తలనొప్పి వచ్చేదనుకోండి, అది వేరే కథ). భోజనాలయ్యాక అవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నా కుడిచేయి పట్టుకుని బొటనవేలు తిప్పి చూసి, నవ్వింది. "గంత లావు బొట్లు ఎవలు పెడ్తరు బిడ్డా? రూపాయి బిళ్లలోలె! బొటనవేలితోని పెట్టినవ్. ఉంగరం వేలితోని పెట్టాలె."

"మరి తెలిసి కూడా దీపమెందుకు పెట్టావవ్వా?"

"ఎన్నేండ్ల సంది నా దర్వాజ ముంగట అందరు చెత్త పోస్తున్నరు. మొత్తుకున్న, తిట్టిన, ఎవ్వడినలే. నువ్వు బొట్టు పెట్టినవ్, నేను దీపం పెట్టిన. నాలుగు దినాలు నా వాకిలి మంచిగుండె," అంది. "గని దండం మాత్రం నిజంగనే పెట్టిన బిడ్డా. ఎవలు పెట్టినా బొట్టు బొట్టే," అంది.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. నేను తాళాల గుత్తి ఎప్పుడో వదిలేసి, కట్టడాల దగ్గర భద్రత చూసే ఉద్యోగంలో చేరి, వెంట్రుకలు నెరిసేదాకా ఇక్కడిక్కడే తిరుగుతున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి డబ్బా ముందు నిలబడి చెబుతుంటాను: అంచు దాటొద్దు, రంగు డబ్బాలు వేయొద్దు, జాలి కప్పాలి. వాళ్లు హెల్మెట్లు సర్దుకుని, అన్నీ ముందే తెలుసన్నట్టు తల ఊపుతారు. మధ్యలో విమానం వస్తే ఆగుతాను, పోయాక ఆపిన చోటే అందుకుంటాను. వాళ్లంతా భోజనానికి పోయాక, సంచిలోంచి చిన్న కుంకుమ పొట్లం తీసి, ఎవరూ చూడకుండా ఆ డబ్బాకి మూడు బొట్లు పెడతాను. చిన్నవే. ఉంగరం వేలితో.